ఒత్తు పడని వేలు

మొదట నా చేతిలోంచి పోయినవి ఒత్తులు. అమ్మ అని కొడితే అమ అని పడేది. పుట్ట పుట అయ్యేది, అన్నం అనం అయ్యేది. మాది బడిపిల్లల గైడ్లు వేసే చిన్న ఆఫీసు, సికింద్రాబాద్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. అందులో ఇరవై రెండేళ్లుగా నేను తెలుగు టైపు చేస్తున్నాను. మేం వాడే పాత పద్ధతిలో ఒత్తు పడాలంటే అక్షరంతో పాటు కుడిచేతి చిటికెన వేలితో పక్కనున్న మీట కూడా గట్టిగా నొక్కి పట్టాలి. ఇన్నేళ్లూ ఆ వేలు ఆ పని నాకు చెప్పకుండానే చేసుకుపోయింది. నిరుడు ఎండాకాలంలో మానేసింది.

ప్రూఫులు చూసే ఆవిడ మొదట్లో నవ్వింది. ఒత్తులన్నీ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతున్నారా అని అడిగింది. రెండో వారం నవ్వలేదు. పేజీ నిండా ఎర్రసిరా గుర్తులు పెట్టి నా బల్ల మీద పడేసి వెళ్లింది. నాకు ఒళ్లు మండింది. నా కోపం ఎప్పుడూ ముందు వస్తువుల మీదికే పోతుంది. కీబోర్డు పాడైందని గోల చేసి కొత్తది తెప్పించాను. కొత్తదాంట్లోనూ అమ్మ అమగానే మిగిలింది. దాన్నీ మార్పించాను. మూడోది కూడా అంతే అయ్యాక నాకు భయం పట్టుకుంది. ఎన్ని కీబోర్డులు మార్చినా వాటి మీద ఆడే చేయి మాత్రం అదే.

ఈ చేయి తప్ప నాకు వేరే ఆధారం లేదు. చదువు సగంలో వదిలేసినవాణ్ని. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే, నలభై ఎనిమిదేళ్ల వయసులో నన్ను కూర్చోబెట్టి ఇంకో పని నేర్పేవాళ్లెవరూ లేరు. చేయి పోతోందని ఆఫీసులో తెలిస్తే నా కుర్చీ నాకు ఉంటుందా? అందుకని ఎవరడిగినా తిమ్మిరి అన్నాను. తిమ్మిరి చాలా మంచి మాట. కాలు మడిచి కూర్చుంటే అందరికీ వచ్చేదే, లేచి విదిలిస్తే పోయేదే. నాకు వచ్చింది అది కాదని నాకు తెలుసు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది. తాళంచెవి పెట్టాక తిప్పడానికి రెండు చేతులూ కావలసి వచ్చేవి. స్టేషన్ దగ్గర వంతెన మెట్లు దిగుతుంటే కాళ్లు ఎక్కడ పడుతున్నాయో తెలిసేది కాదు. దానికి చెప్పులను తిట్టి, కొత్త చెప్పులు కొన్నాను.

మెడనొప్పి మాత్రం పాతదే. చేతిరాత ప్రతిని కీబోర్డుకు ఎడమ పక్కన, బల్ల మీద పడుకోబెట్టుకోవడం మా ఆఫీసు అలవాటు. కళ్లు దాని మీద, వేళ్లు మీటల మీద. రోజుకు ఎనిమిది గంటలు తల ఎడమకు వంగే ఉంటుంది. టైపు చేసేవాళ్లం నలుగురం ఉన్నాం, ఎవరైనా తలుపు తీసి చూస్తే నలుగురం ఒక పక్కకే ఒరిగి కనబడతాం.

ఆ మెడకు నెలకోసారి సుఖం దొరికేది. చిలకలగూడలో మా సందు మొదట్లో ఒక కటింగ్ షాపు ఉంది. దాన్ని నడిపే భయ్యా నాకంటే రెండు మూడేళ్లు చిన్న. వాళ్లు వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో ఉర్దూ కంటే తెలుగే ఎక్కువ. ఇరవై ఏళ్లుగా నా తల ఆయన చేతిలోనే ఉంది. కటింగ్, గడ్డం అయ్యాక తలకు మాలిష్ చేసేవాడు. తర్వాత ఒక అరచేయి నా గడ్డం కింద, ఇంకోటి తల వెనక పెట్టి, ఒక్క విసురున కుడికి తిప్పేవాడు. టక్. మళ్లీ ఎడమకు. టక్. ఆ రెండు చప్పుళ్లు వినబడితే గానీ కుర్చీలోంచి లేవబుద్ధయ్యేది కాదు. దాన్ని వైద్యమని నేనెన్నడూ అనుకోలేదు. మెడకు పౌడర్ కొట్టినట్టే అదీ కటింగ్‌లో ఒక భాగం.

చివరికి ప్రూఫుల ఆవిడే దారి చూపింది. కూర్చుని కూర్చుని ఆమెకు నడుము పట్టేస్తే, ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కైరోప్రాక్టిక్ డాక్టరమ్మ నాలుగు వారాల్లో నిలబెట్టిందట. మందులు లేవు, చేతులతోనే వెన్నెముక కీళ్లు సర్దుతుందని చెప్పింది. ఇంటికి వచ్చి ఫోన్‌లో అలాంటి వీడియోలు చూశాను. పది రోజులు అదే పని. మెడ పట్టి తిప్పగానే చప్పుడు, లేచి కూర్చున్నవాడి ముఖంలో నవ్వు. నా మెడలో ఎక్కడో ఒక కీలు పక్కకు తొలిగింది, ఆమె ఒక్కసారి టక్‌మనిపిస్తే నా చిటికెన వేలికి ప్రాణం వస్తుందని గట్టిగా నమ్మేశాను.

ఒక శనివారం ఆఫీసుకు సెలవు పెట్టి, ఇంట్లో చెప్పకుండా బస్సెక్కాను. క్లినిక్ ఒక బేకరీ పైన, మొదటి అంతస్తులో ఉంది. బెంచీల మీద ఉన్నవాళ్లంతా మాలాంటివాళ్లే, బల్లల ముందు బతికేవాళ్లు. ఒకరు మెడ పట్టుకుని, ఒకరు నడుము పట్టుకుని కూర్చున్నారు. ఫారం ఇచ్చారు. మెడకు గానీ నడుముకు గానీ ఇంతకుముందు చికిత్స చేయించుకున్నారా అని అందులో ఒక ప్రశ్న ఉంది. లేదు అని రాశాను. ఆ ఒక్క మాట రాయడానికి పెన్ను రెండుసార్లు జారింది.

డాక్టరమ్మకు ముప్పై ఐదేళ్లుంటాయేమో. ఫిజియోథెరపీ చదివి, ఆ తర్వాత ఈ విద్య నేర్చుకుందట. గది మధ్యలో ముక్కలు ముక్కలుగా ఉన్న పొడుగాటి బల్ల. నేను దాని మీదికి ఎక్కబోతుంటే ఆపి కుర్చీలో కూర్చోమంది. చిన్న సుత్తితో మోచేతుల దగ్గర, మోకాళ్ల కింద తట్టింది. నా కాలు ఎగిరి ఆమె చేతికి తగిలింది. కుడిచేయి పట్టుకుని మధ్యవేలి గోటిని తన వేలితో చిటుక్కుమనిపించింది. నేనేమీ చేయకుండానే నా బొటనవేలు లోపలికి ముడుచుకుంది. ఆమె మళ్లీ చేసింది. మళ్లీ ముడుచుకుంది. ఎడమచేతికీ చేసి చూసింది. అప్పటిదాకా ఏ ఆఫీసు, ఏం పని అని మాట్లాడుతున్న మనిషి నన్ను కుర్చీలోంచి లేపింది.

నేలమీది టైల్స్ గీత వెంబడి, ఒక కాలి వేళ్లకు ఇంకో కాలి మడమ తగిలేలా నడవమంది. మూడో అడుగులో నేను గోడ పట్టుకున్నాను. చేతిలోంచి వస్తువులు జారిపోతున్నాయా అని అడిగింది. తిమ్మిరి మేడమ్, అంతే అన్నాను. ఇంకోసారి అడిగింది. అదే చెప్పాను. అప్పుడు ఒక కాగితం తీసి నా ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య పెట్టి, గట్టిగా పట్టుకోండి అంది. పట్టుకున్నాను. ఆమె లాగింది. నా వేళ్ల మధ్య ఏ అడ్డూ లేనట్టు కాగితం వెళ్లిపోయింది.

"గట్టిగ పట్టుకోండి సార్."

"పట్టుకున్న మేడమ్."

ఆమె కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టింది. నా మెడ లోపల వెన్నుపాము నలుగుతున్నట్టు అనుమానంగా ఉందని, సోమవారమే ఎం.ఆర్.ఐ. తీయించుకుని వెన్నెముక సర్జన్‌ను కలవాలని చెప్పింది. ఈలోపు బస్సులో కుదుపులు కూడా మంచివి కావంది. మెడను మాత్రం తాను ముట్టుకోనంది.

నాకు కోపం నషాళానికి అంటింది. పది రోజుల నుంచి ఆ ఒక్క చప్పుడు కోసం కాచుకుని ఉన్నాను. ఇంతమంది మెడలు తిప్పుతారు, నాది తిప్పడానికి ఏం రోగం అని నోటికొచ్చినట్టు అనేశాను. ఆమె కోపం తెచ్చుకోలేదు.

"ఎవరి మెడ ముట్టుకోవాలె, ఎవరిది ముట్టుకోవద్దు, అది తెలుసుడే నా పని సార్. మీ మెడను ఇప్పుడు ఎవరన్న తిప్పితే ఈ చెయ్యి ఒక్కటే కాదు, రెండు చేతులు, కాళ్లు సుత పోవచ్చు."

తర్వాత, ఎవరైనా మెడ మీద ట్రీట్‌మెంట్ గానీ చేశారా అని మళ్లీ అడిగింది. నా మెడ మీద ఎవరూ చేయి వేయలేదని చెప్పాను. దేవుడి సాక్షిగా నాకు గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పక తప్పలేదు. సగం చెప్పానో లేదో, ఆమె నా కుడిచేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నాకు తెలుసు అంది. తెలిస్తే ఎందుకు అడగలేదని ఆమె మీదే ఎగిరాను.

"రెండు నెలల సంది మీకు చాయ్ స్టీల్ గ్లాసుల ఎందుకిస్తున్ననో మీరు అడిగిన్రా?" అంది.

నిజమే. మా ఇంట్లో పింగాణీ కప్పులుండేవి. అవి ఎప్పుడు అటక ఎక్కాయో నేను గమనించలేదు. నేను రెండు కప్పులు పగలగొట్టిన మర్నాడే ఎక్కించిందట. నేను అందరి దగ్గరా దాచానని మురుస్తుంటే, ఆమె నా దగ్గర దాచింది.

మర్నాడు ఆదివారం. గడ్డం మాసి ఉంది. సోమవారం పెద్ద డాక్టర్ల ముందుకు ఈ ముఖంతో ఎలా పోతామని పొద్దున్నే కటింగ్ షాపుకు వెళ్లాను. దీనికి నన్ను నేను ఈనాటికీ తిట్టుకుంటాను. నిన్న అంత విన్నాను, భయపడి బస్సు వద్దని ఆటోలో ఇల్లు చేరాను, తలకింద దిండు తీసేసి పడుకున్నాను. అయినా కటింగ్‌కు పోవడమంటే మెడను ఇంకొకరి చేతిలో పెట్టడమని నాకు తట్టలేదు.

భయ్యా గుడ్డ కప్పి మెడ వెనక ముడి వేశాడు. కత్తెర ఆడుతుంటే ఏవో కబుర్లు చెప్పాడు. నేను ఊ కొడుతూ కళ్లు మూసుకున్నాను. వారం రోజులుగా సరిగా నిద్ర లేదేమో, గడ్డం గీస్తుండగానే కునుకు పట్టింది. తల మాలిష్ అవుతున్నట్టు కూడా సరిగా తెలియలేదు. గడ్డం కింద ఆయన అరచేయి వెచ్చగా తగిలినప్పుడు మెలకువ వచ్చింది.

కళ్లు తెరిచాను. అద్దంలో నా తల ఉంది. దాని కింద ఒక చేయి, వెనక ఒక చేయి. ఎవరైనా మెడ మీద ట్రీట్‌మెంట్ చేశారా అని డాక్టరమ్మ అడిగిన ప్రశ్న అప్పుడు వినబడింది నాకు. ఇరవై ఏళ్ల నుంచి నెల నెలా చేస్తున్నారు. వద్దు భయ్యా అని అరవబోయాను. గడ్డం కింద చేయి బిగించి ఉంది, నోరు పెగల్లేదు. ముక్కులోంచి ఏదో మూలుగు వచ్చింది. మాలిష్‌కు సుఖపడి మూలిగానని ఆయన అనుకున్నాడు. రోజూ అందరూ అలాగే మూలుగుతారు.

విసురుకు ముందు ఆయన ఒక్క క్షణం ఆగి, నా తలను కొంచెం పైకి ఎత్తినట్టు చేస్తాడు. ఎత్తాడు. నాకు తెలుసు, దాని తర్వాతిది ఏమిటో. నేను కుడిచేతివాణ్ని, భయంలో ముందు లేచేది కుడిచేయే. గుడ్డ కింద నుంచి దాన్ని పైకి లాగాను. అంచు తగులుకుంది. ఎలాగో బయటపడింది. ఆయన మణికట్టు పట్టుకున్నాను. నా బలమంతా పెట్టి పట్టుకున్నాను. వేళ్లు ఆయన చేతి మీద ఊరికే ఆని ఉన్నాయి. ఆయన ఇంకా ఆగలేదు. తల కుడివైపుకు కదలడం మొదలైంది. నా వేళ్లు ఆయన చేతి మీదనుంచి జారి కిందికి వచ్చాయి.

జారిన తీరు ఆయనను ఆపింది. పట్టు వదిలేయడానికీ పట్టు లేకపోవడానికీ తేడా ఆ చేతులకు తెలుసు. గడ్డం వదిలేసి నా ముందుకు వచ్చి, నా చేయి ఎత్తి చూశాడు.

"చెయ్యిల జాన్ లేదేందన్నా?"

చెప్పాను. ఒకదాని మీద ఒకటి పడుతున్న మాటలతో, నిన్నటి నుంచి జరిగినదంతా చెప్పాను. ఆయన గోడకున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆరు నెలల సంది నీ మెడ ఎడమ దిక్కు చప్పుడు చేస్తలేదన్నా. నీకు మంచిగనిపిస్తలేదేమోనని నేనే జెర జోర్‌గ తిప్పుతున్న."

నాలో కోపం లేవబోయింది. లేస్తే బాగుండేది, కోపం ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఆయన ముఖం చూశాక అది లేవలేదు. ఆ ఆరు నెలలూ చప్పుడు రావడం లేదని నాకూ తెలుసు. ఇంకోసారి తిప్పు భయ్యా అని అడిగింది నేనే.

అక్కడి బెంచీ మీదే కూర్చుని డాక్టరమ్మకు ఫోన్ చేశాను. విషయం విని ఆమె, రెండుసార్లు అడిగిన కదా సార్ అంది.

"మీరు ట్రీట్‌మెంట్ అన్నరు మేడమ్. నేనది కటింగ్ అనుకున్న."

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. సోమవారం దాకా ఆగవద్దని, ఇప్పుడే పొమ్మని చెప్పి ఒక పెద్ద ఆసుపత్రికి తనే ఫోన్ చేసింది. ఆ రోజు నుంచి ఫారంలో ఇంకో ప్రశ్న చేర్చిందని నాకు తర్వాత తెలిసింది. కటింగ్ షాపులో మెడ తిప్పించుకుంటారా అని, తెలుగులోనే.

సర్జన్ ఫిల్మును వెలుతురుకు పెట్టి పెన్సిల్‌తో చూపించాడు. మెడలో రెండు ఎముకల మధ్య డిస్క్ వెనక్కి జారి వెన్నుపామును ఒత్తుతోందట. చేతికి రాని ఒత్తు మెడలో పడింది కాబోలు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, నా భార్య ఊరుకోమన్నట్టు మోచేత్తో పొడిచింది. బల్ల వల్ల ఎంత, మెడ తిప్పడం వల్ల ఎంత అని అడిగాను. అది ఎవరూ చెప్పలేరన్నాడు. ఆపరేషన్ చేస్తే ఇంకా పోకుండా ఆపగలమని, ఇప్పటికే పోయినది ఎంత తిరిగి వస్తుందో మాట ఇవ్వలేనని అన్నాడు. నాలుగో రోజు గొంతు ముందు వైపు నుంచి కోసి ఆ డిస్క్ తీసేశారు.

నాలుగు నెలలు ఇంట్లో ఉన్నాను. కాళ్లు త్వరగానే దారికి వచ్చాయి. చేతికి డాక్టరమ్మే వ్యాయామాలు నేర్పింది. ఆమె చెప్పిన రబ్బరు ముద్దకు బదులు నా భార్య జొన్నపిండి ముద్ద నా ముందు పెట్టేది. నేను పిసికిన పిండితో చేసిన రొట్టెలు అంచుల్లో చీలిపోయేవి, అయినా తిన్నాం. ఆఫీసులో ప్రూఫుల ఆవిడ గొడవపడి, ప్రతిని కళ్లకెదురుగా నిలబెట్టే చెక్క స్టాండ్లు నాలుగు చేయించింది. అరగంటకోసారి లేవకపోతే వచ్చి మా వెనక నిలబడుతుంది. నా కుర్చీ నాకు ఉంది. ఒత్తు మీటను ఎడమచేతి వైపుకు మార్పించుకున్నాను. వేగం మునుపటంత లేదు, అమ్మ మాత్రం అమ్మలాగే పడుతోంది.

ఆ నాలుగు నెలలూ భయ్యా మా గడప తొక్కలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడని నా భార్య చెప్పింది. షాపులో మెడ తిప్పడం బంద్ చేశాడట. పాత గిరాకీలు ఎంత గొడవపడినా వినడం లేదట. చివరికి నేనే వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ఆయన గుడ్డ కప్పాడు, ముడి వదులుగా వేశాడు. కత్తెర చాలా నెమ్మదిగా ఆడింది. గొంతు మీది గాటును మాత్రం కత్తి తగలనీకుండా తప్పించాడు. మాలిష్ చేయలేదు.

అంతా అయ్యాక, అలవాటు కొద్దీ ఆయన రెండు చేతులూ నా తల వైపు వచ్చాయి. మధ్యలోనే ఆగాయి. ఇద్దరం అద్దంలో చూసుకున్నాం. అప్పుడాయన ఆ రెండు చేతులతో నా తల చుట్టూ గాలిలో నిమిరినట్టు చేసి, వాటిని తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచాడు. ఇళ్లలో ఆడవాళ్లు పిల్లలకు దిష్టి తీసినట్టు. కుడివైపు టక్. ఎడమవైపు టక్.

"మా అమ్మీ గిట్లనే బలాలు, గదే దిష్టి, తీసేది. ఇంక నీకు చప్పుళ్లు నా వేళ్లవే అన్నా."

షాపులో కూర్చున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వబోయి, ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన నా ముందుకు వచ్చి, తన మణికట్టు నా కుడిచేతి ముందు పెట్టాడు. ఆనాడు నేను పట్టుకోబోయిన చేయే. పట్టు చూద్దాం అన్నాడు. పట్టుకున్నాను. ఆయన నా వేళ్ల వైపు చూస్తూ ఎదురుచూశాడు.

"గట్టిగ ఒత్తన్నా, సిగ్గేంది," అన్నాడు.

నేను అప్పటికే నా బలమంతా పెట్టి ఒత్తుతున్నాను.